60 లీటర్ల మంచినీటి అక్వేరియానికి ఏ ఫిల్టర్ మంచిది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గాజు తొట్టి ఒకటి కొన్నాను. అందులో పది నియాన్ టెట్రాలను, ఒక జత హనీ గౌరామీలను పెంచాలని, తొట్టి కుదురుకున్నాక కొన్ని చెర్రీ రొయ్యలను కూడా వేయాలని అనుకుంటున్నాను. ఇంతకు ముందున్న చిన్న తొట్టికి వెనుక అంచున తగిలించే ఫిల్టర్ ఉండేది. అందులో నీటిని వడకట్టే భాగమైన కార్ట్రిడ్జ్‌ను నెలకొకసారి మార్చాలని పెట్టె మీద రాసి ఉంది కాబట్టి మార్చాను. అదే రోజు అడుగున ఉన్న గులకరాళ్ళను కూడా కుళాయి కింద తెల్లగా మెరిసేదాకా కడిగాను. మూడో రోజుకు నీరు పాలు కలిపినట్టు అయింది. చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండిపోయాయి, వాటిలో నాలుగు చనిపోయాయి. ఆ దృశ్యం మళ్ళీ చూడలేను. గంటకు 1000 లీటర్ల నీటిని తిప్పే ఫిల్టర్ పెడితే ఏ చింతా ఉండదని కొందరు, స్పాంజ్ ఫిల్టర్ చాలని మరికొందరు అంటున్నారు. ఏది నిజం?

మొదటి సమాధానం

మీ చేపలు చనిపోయిన తీరులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. చేపల మొప్పల నుంచి, విసర్జన నుంచి, కుళ్ళిన మేత నుంచి నీటిలో అమ్మోనియా చేరుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది కొద్దిపాటిగా ఉంటే హాని చేయదు, వారానికొకసారి నాలుగో వంతు నీరు మారుస్తూ ఉంటే అదుపులోనే ఉంటుంది. ఈ సూక్ష్మజీవులు ఎక్కువగా నీటిలో తిరుగుతూ ఉండవు. స్పాంజికి, రాళ్ళకు, ఆకులకు అంటిపెట్టుకొని బతుకుతాయి. మీరు కార్ట్రిడ్జ్‌ను పారేసి, అదే రోజు రాళ్ళను క్లోరిన్ కలిసిన నీటితో కడగడంతో వాటి నివాసాలు రెండూ ఒకేసారి పోయాయి. కాబట్టి ఫిల్టర్‌ను ఎంచుకునేటప్పుడు అది నీటిని ఎంత వేగంగా తిప్పుతుందన్న దానికంటే, సూక్ష్మజీవులకు ఎంత చోటు ఇస్తుంది, ఆ చోటును చెడగొట్టకుండా శుభ్రం చేయడం వీలవుతుందా అన్నవి ముందుగా చూడాలి.

ఇక వేగం సంగతి. మీ తొట్టి ఘనపరిమాణం దాదాపు 65 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా మిగిలే నీరు 55 లీటర్లు అనుకోవచ్చు. తొట్టిలోని నీరు గంటకు నాలుగు నుంచి ఆరు సార్లు ఫిల్టర్‌లో తిరిగితే చాలన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే 220 నుంచి 330 లీటర్లు. పెట్టె మీది అంకె సాధారణంగా లోపల స్పాంజి ఏదీ లేకుండా కొలిచినది కాబట్టి, 350 లేదా 400 అని రాసి ఉన్నది తీసుకోండి. 1000 లీటర్ల ఫిల్టర్ మీ తొట్టిలో ఏటి ప్రవాహాన్నే సృష్టిస్తుంది. నియాన్ టెట్రాలు నిదానంగా పారే నీటి చేపలు. గౌరామీలు పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి, నీటి పైభాగం నెమ్మదిగా ఉంటేనే వాటికి సుఖం.

నా సలహా స్పాంజ్ ఫిల్టర్. ఎయిర్ పంపు నుంచి వచ్చి గొట్టంలో పైకి లేచే గాలి బుడగలు తమతో పాటు నీటిని పైకి తీసుకువెళ్తాయి, ఆ ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న నీరు స్పాంజి గుండా లోపలికి వస్తుంది. రొయ్య పిల్లలు అందులోకి లాగబడవు సరికదా, రోజంతా దాని మీదే మేస్తూ కనిపిస్తాయి.

రెండో సమాధానం

పై మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను కానీ, స్పాంజ్ ఫిల్టర్‌తో రెండు ఇబ్బందులు ఉన్నాయి. సన్నని నలుసులను అది బాగా పట్టలేదు, పైగా ఎయిర్ పంపు మోత పడకగదిలో భరించడం కష్టం. తగిలించే ఫిల్టర్‌లో నిజానికి దోషం లేదు, దోషమంతా కార్ట్రిడ్జ్‌ను పారేయడంలోనే ఉంది. దాన్ని తీసేసి, ఫిల్టర్ లోపలి ఆ అరలో ముందు గరుకు స్పాంజి, దాని వెనుక సూక్ష్మజీవులకు చోటిచ్చే సెరామిక్ రింగులు పెట్టండి. నీరు లాగే గొట్టం చివర చిన్న స్పాంజి తొడిగితే రొయ్యలకూ ప్రమాదం ఉండదు. మందు వాడిన తరువాత దాని శేషాన్ని తొలగించడానికి తప్ప, మామూలు రోజుల్లో యాక్టివేటెడ్ కార్బన్ (నీటిలో కరిగినవాటిని పట్టుకునే బొగ్గు) అవసరం లేదు. తొట్టి బయట పెట్టే డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్‌ను 200 లీటర్ల తొట్టి కొన్నప్పుడు ఆలోచించండి. ఇంత చిన్న తొట్టికి అంత పని పెట్టుకోవడం అనవసరం.

మూడో సమాధానం

స్పాంజ్ ఫిల్టర్ తీసుకుంటే గాలి గొట్టంలో చెక్ వాల్వ్ (ఒకే వైపు పోనిచ్చే చిన్న కవాటం) తప్పక పెట్టండి. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి దిగుతుంది. వాల్వ్‌ను తిరగేసి పెడితే గాలే రాదు కాబట్టి, బిగించే ముందు నోటితో ఊది చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తొట్టి ముందుగదిలోనే ఉంటుంది కాబట్టి మోత సమస్య కాదు, స్పాంజ్ ఫిల్టరే తీసుకుంటాను. కొత్త స్పాంజిలో సూక్ష్మజీవులు ఉండవు కదా, చేపలను ఎప్పుడు వేయవచ్చు?

మొదటి సమాధానం ఇచ్చినవారు

చేపలు లేకుండా కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ తొట్టిని సిద్ధం చేస్తే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేసిన అమ్మోనియా ఒక్క రోజులో పోయి, నైట్రైట్ కూడా సున్నా అని పరీక్షలో తేలితే తొట్టి సిద్ధమైనట్టే. ముందుగా ఆరు టెట్రాలను మాత్రమే వేసి, రెండు వారాల తరువాత మిగిలినవి వేయండి. చేపలకు జబ్బులు లేని తొట్టి ఉన్న స్నేహితులెవరైనా ఉంటే, మీ కొత్త స్పాంజిని నెల రోజులు వారి తొట్టిలో నడపమని అడగండి. అప్పుడు ఇంత కాలం వేచి ఉండనక్కరలేదు. తెచ్చేటప్పుడు దాన్ని ఆరనివ్వకుండా అదే తొట్టి నీటిలో ముంచి తీసుకురండి. తరువాత ఎప్పుడు కడిగినా, మార్చడానికి తీసిన తొట్టి నీటిలోనే రెండు మూడు సార్లు పిండండి. గోధుమ రంగు పూర్తిగా పోకపోయినా అలాగే తిరిగి పెట్టేయండి.