నడిచే ఐరిస్ ఎందుకు పూయడం లేదు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

నమస్కారం. రెండేళ్ల క్రితం కడియం వెళ్లినప్పుడు తెచ్చుకున్న నడిచే ఐరిస్ మా బాల్కనీలో, తూర్పు ఎండ తగిలే చోట, విసనకర్రలా ఆకులు పరుచుకుని ఏపుగా పెరిగింది గానీ ఇంతవరకు ఒక్క పువ్వు కూడా చూడలేదు. పన్నెండు ఆకులు వస్తే గానీ పూయదని ఒకరు చెప్పగా లెక్కపెట్టాను. ఒక పిలకకు పదకొండు, మరొకదానికి పద్నాలుగు ఉన్నాయి. వంగి వేలాడే ఆకులను ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ కుండీని శుభ్రంగానే ఉంచుతున్నాను. లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (సీతమ్మధార నుంచి)

మీరు కత్తిరిస్తున్న ఆ వంగిన ఆకుల మీదే నాకు అనుమానం. ఈ మొక్క పూకాడ గుండ్రంగా ఉండదు. ఆకులాగే పలచగా, బల్లపరుపుగా, అదే పచ్చదనంతో ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం కష్టం. కొసకు కాస్త కింద, అంచు నుంచి చిన్న ఉబ్బు కనిపిస్తే అది మొగ్గల గుత్తి అన్నమాట. పువ్వు ఉదయం విచ్చి ఆ సాయంత్రానికే ముడుచుకుపోతుంది: వెడల్పాటి తెల్లని రేకులు మూడు, వాటి మొదట్లో గోధుమరంగు చారలు, మధ్యలో వెనక్కి చుట్టుకున్న నీలిరేకులు మూడు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేవారికి అది కనబడకుండానే పోవచ్చు. పూలయ్యాక అక్కడే పిల్లమొక్క పుట్టి, దాని బరువుకు కాడ వంగి, నేల తగిలిన చోట వేళ్లూనుతుంది. నడిచే ఐరిస్ అన్న పేరు అందుకే వచ్చింది.

పన్నెండు ఆకుల నమ్మకాన్ని బట్టి, క్రీస్తు శిష్యులను తలచి, దీనిని అపొస్తలుల మొక్క అని కూడా అంటారు. అది కచ్చితమైన నియమం కాదు, పిలక ముదిరిందనడానికి ఒక గుర్తు మాత్రమే.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పింది నిజమే. నిన్న కత్తిరించి పక్కన పడేసిన దానిని ఇప్పుడే తీసి చూశాను. అంచున వాడిన పువ్వు తొడిమ, దాని పక్కనే గోరంత రెండు లేత ఆకులు ఉన్నాయి. చాలా బాధగా ఉంది.

సమాధానం (లాసన్స్ బే కాలనీ నుంచి)

బాధపడకండి, దుంప బాగుంటే మళ్లీ కాడ వేస్తుంది. ఇది కుంకుమపువ్వు, గ్లాడియోలస్‌ల కుటుంబానిదే అయినా వాటిలా ఆకులు రాల్చి నిద్రపోదు. బ్రెజిల్ అడవుల్లో చెట్ల నీడన పెరిగే జాతి కాబట్టి ఏడాదంతా మట్టిలో కాస్త తడి ఉండాలి. మీ తూర్పు ఎండ దీనికి సరిపోతుంది. మా ఇంట్లో సముద్రపు గాలికి ఆకుల కొసలు మాడుతుంటే కుండీని పిట్టగోడ చాటుకు మార్చాను, తగ్గింది. ఈసారి కాడ వంగితే పక్కనే మట్టి నింపిన చిన్న కుండీ పెట్టి, పిల్లమొక్క మొదలు మట్టికి ఆనేలా తీగముక్కతో అదిమి ఉంచి, వేళ్లు గట్టిగా పట్టాకే కాడను కోయండి.