పారిస్ కాకుండా ఏ ఫ్రెంచ్ ఊరి చరిత్ర రాయించమంటారు?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:
మా అమ్మాయి విజయవాడలో డిగ్రీ చదువుతోంది, రెండో భాష ఫ్రెంచ్. ఒక ఫ్రెంచ్ ఊరి చరిత్ర మొదటి నుంచీ ఇప్పటిదాకా రాయాలట. క్లాసులో అందరూ పారిస్ మీదే పడ్డారు. మన వైపుతో కాస్తయినా సంబంధమున్న ఊరు ఏదైనా ఉందాండీ? సోమవారం ఇవ్వాలి, నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

బెజవాడ మాస్టారు:
లోరియాన్ రాయించండమ్మా. బ్రిటనీ తీరంలో రేవు పట్నం. చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ ఊరి గురించి పిల్లలకు చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి, ఎందుకంటే ఆ కథలో మన బందరు ఉంది.

1664లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బెర్ ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. ఓడలు కట్టుకోవడానికి 1666లో రాజు ఇచ్చిన భూమి మీద లేచిందే లోరియాన్. 1669లో ఆ కంపెనీ వాళ్లు గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో వర్తకం మొదలుపెట్టారు. మన దేశపు అద్దకం బట్టలంటే ఫ్రాన్సులో ఎంత మోజంటే, అక్కడి ఉన్ని, పట్టు నేయించేవాళ్లు గోల పెట్టి 1686లో వాటిని నిషేధింపజేశారు! అయినా వ్యాపారం ఆగలేదు. 1730ల నుంచి కంపెనీ సరుకంతా లోరియాన్‌లోనే వేలం వేసేవారు. అద్దకం బట్టలు మాత్రం పై దేశాలకు పంపే షరతు మీద. 1746లో ఇంగ్లీషువాళ్లు ఊరిని ముట్టడించారు. ఊరివాళ్లు లొంగిపోదామని తీర్మానించుకునే సరికి, ఇంగ్లీషువాళ్లే తిరిగి వెళ్లిపోతున్నారు.

1759ని మాత్రం గట్టిగా రాయమనండి. ఫ్రాన్సులో నిషేధం ఎత్తేసిందీ, ఇక్కడ ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుంచి లాక్కున్నదీ ఆ ఏడాదే. పదేళ్లకు కంపెనీ గుత్తాధిపత్యం కూడా పోయింది.

కృష్ణలంక కుర్రాడు:
మాస్టారూ, రెండో ప్రపంచయుద్ధం వదిలేశారు. జర్మన్లు అక్కడ కెరోమాన్‌లో సబ్‌మెరైన్ల కోసం మీటర్ల మందం కాంక్రీటు కప్పులతో షెడ్లు కట్టారు. 1943 జనవరి, ఫిబ్రవరిల్లో మిత్రరాజ్యాల బాంబులకు ఊరు దాదాపు మొత్తం పోయింది. షెడ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. యూరప్‌లో యుద్ధం అయిపోయాక కూడా, 1945 మే 10న గానీ అక్కడి జర్మన్లు లొంగలేదు. కంపెనీ కాలపు వీధులు పోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. మరి కంపెనీ నాటివి చూడటానికి ఏమీ మిగల్లేదా?

బెజవాడ మాస్టారు:
మిగిలాయమ్మా. నీళ్లకు అవతలి ఒడ్డున పోర్ లూయీ కోటలో కంపెనీ మ్యూజియం ఉంది, అందులో మన దేశపు నూలు బట్టలు ఉన్నాయి. ఆ ఫోటోలు పెట్టమనండి. ఇక్కడైతే బందరులో ఫ్రెంచిపేట ఉంది. బెజవాడ నుంచి డెబ్బై కిలోమీటర్లే కదా, ఆదివారం పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. దారిలో పెడనలో దిగి కలంకారీ అద్దకం కూడా చూసి రమ్మనండి.