షాపు బోర్డుకి గోతిక్ ఫాంట్: "కింగ్" కాస్తా "రింగ్" అవుతోంది

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట):
అన్నా, మా బైక్ మోడిఫికేషన్ షాపుకి కొత్త బోర్డు చేయిస్తున్నా. పేరులో "కింగ్" ఉంది, ఇంగ్లీషులోనే రాయాలి. ఆ లావుపాటి గోతిక్ అక్షరాలంటే నాకు పిచ్చి. డిజైన్ వచ్చింది, అన్నీ క్యాపిటల్సే. చూసినవాళ్ళంతా "రింగా?" అంటున్నారు. అదే టెన్షన్. ఈ స్టైలే వదిలేయాలా?

జవాబు (విజయవాడ, బోర్డుల డిజైనర్):
వదలక్కర్లేదు తమ్ముడూ. ముందు ఆ క్యాపిటల్స్ తీసెయ్. బ్లాక్‌లెటర్‌లో (నువ్వనే గోతిక్ అక్షరాలకే ఆ పేరు) పెద్దక్షరాలకి మెలికలెక్కువ, పదం మొదట్లో ఒక్కటి ఉంటేనే అందం. వరసగా నాలుగు పెడితే ముళ్ళకంపే.

రింగ్ గొడవ వేరు. నీకు పెట్టింది ఫ్రాక్టూర్ రకం అయ్యుంటుంది. అందులో పెద్ద "కె" నిజంగానే "ఆర్"లా ఉంటుంది. జర్మన్లకి అలవాటైన లిపి అది, 1941లో నాజీ ప్రభుత్వమే పక్కన పెట్టించింది. అరండల్‌పేటలో బండి మీద పోయేవాడు ఎలా పోల్చుకుంటాడు? నువ్వు టెక్స్చురా రకం చూడు. 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చయింది ఆ పోలిక అక్షరాలతోనే: నిటారు గీతలు, కొసల్లో వజ్రంలా కోత. ఓల్డ్ ఇంగ్లీష్ టెక్స్ట్ ఆ కుటుంబమే, దాంట్లో "కె" తెలుస్తుంది. ఒక్క చిక్కు: "ఐ", "ఎన్" పక్కపక్కన పడి ఒకేలాంటి మూడు నిలువు గీతలవుతాయి. "ఐ" మీద చుక్క తీయనివ్వకు. ఎడం కొద్దిగా పెంచొచ్చు, మరీ పెంచితే అక్షరాల అల్లిక విడిపోతుంది.

జవాబు (గుంటూరు, రేడియం కటింగ్):
అక్షరం లావుగా ఉంటే సరిపోదండీ, లోపలి ఖాళీలు కూడా చూసుకోండి. ప్లాటర్‌లో (స్టిక్కర్ కోసే మెషిన్‌లో) కట్ చేశాక అక్కర్లేని రేడియం పీకుతుంటే ఆ సన్నటి కొసలు కూడా లేచొచ్చేస్తాయి. ట్యాంకు మీదకి చిన్న సైజు అడిగితే నేనైతే వద్దంటాను. ఫ్లెక్స్‌కి ఆ బాధ లేదు. ఎల్‌ఈడీ బోర్డయితే రాత్రి వెలుగుకి ఖాళీలు పూడుకుపోయి ముద్దలా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఫోన్ నంబరు, కింద తెలుగు పేరు కూడా అదే ఫాంట్‌లో వేయించనా?

జవాబు (విజయవాడ, బోర్డుల డిజైనర్):
నంబరు ససేమిరా వద్దు, మామూలు అక్షరాల్లో వేయించు. ఇక తెలుగంటావా, ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలే ఉండవు, డబ్బాలొస్తాయి. కొందరు మన అక్షరాల్ని కోసి గోతిక్‌లా చేస్తారు. నాకు నచ్చదు. తలకట్టు, సుడి పోతే ఇంకేం చదువుతాం? గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉంది. అది లావుగా ఉండి గోతిక్ బరువుకి సరిగ్గా ఆనుతుంది. ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. గోతిక్ ఫాంట్ ఎక్కడన్నా డౌన్‌లోడ్ చేస్తే మాత్రం లైసెన్స్ చూసుకో, చాలావాటికి "సొంత వాడకానికి మాత్రమే" అని ఉంటుంది.

ప్రెస్‌కి పంపేముందు ఒక ప్రింట్ తీసి, షాపు పేరు తెలియని ఇద్దరికి రోడ్డు అవతల నుంచి చూపించు. తడుముకోకుండా చదివితేనే ఫైల్‌లో అక్షరాల్ని కర్వ్స్ చేసి, అంటే ఫాంట్ అక్కర్లేని బొమ్మగీతలుగా మార్చి ఇవ్వు. లేకపోతే వాళ్ళ సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేక ఇంకేదో పడుతుంది.