"వేగపడక వివరింపదగున్": ఎవరికి వివరించాలి?

ప్రశ్న (చింతల్ నుంచి):

అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి. సుమతీ శతకంలోని ఈ పద్యం బట్టీ పెడుతోంది.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

"అమ్మా, ఎవరు చెప్పినా వినాలి, సరే. విన్నాక తొందరపడకుండా వివరించాలంటే ఎవరికి వివరించాలి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. గైడులో చూస్తే "ఆలోచించవలెను" అని ఉంది. వివరించడానికి ఆలోచించడం అనే అర్థం ఎక్కడినుంచి వచ్చింది? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:

మేడమ్, మీ పాపకు ముందు శభాష్ చెప్పండి. ఈ పద్యం వచ్చినవాళ్లలో చాలామంది ఆ మాట దగ్గర ఆగరు.

ఇవాళ వివరించడం అంటే ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం. మాట పుట్టుక చూస్తే, సంస్కృతంలో "వృ" ధాతువుకు కప్పడం అనే అర్థం ఉంది. దానికి "వి" చేరితే కప్పు తీయడం, తెరవడం. వివరం అంటే కన్నం, రంధ్రం అనే అర్థం కూడా అందుకే ఉంది. మూసి ఉన్నదాన్ని ఇంకొకరి కోసం తెరిస్తే అది చెప్పడం, నా కోసం నేనే తెరిచి చూసుకుంటే పరిశీలించడం. పద్యంలో ఉన్నది ఈ రెండోది. "వాడు వివరం తెలిసిన మనిషి" అంటే ఉపన్యాసాలిచ్చే మనిషి అని ఎవరూ అనుకోరు కదా. పరీక్షలో పాప "విచారించి తెలుసుకోవలెను" అని రాస్తే సరిపోతుంది. మిగతాది పెద్దవాళ్ల కోసం రాస్తున్నా.

ఇది కందపద్యం. కందంలో రెండు, నాలుగు పాదాల్లో మొదటి గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి, అంటే ఆ అక్షరాల ధ్వని కలవాలి. రెండో పాదంలో ఆ రెండు చోట్లా ఏమున్నాయో చూడండి: "వినినంతనె", "వివరింప". వినడాన్నీ విప్పి చూడటాన్నీ యతితో కట్టి, నడుమ "వేగపడక" పెట్టాడు కవి. పద్యం ప్రాణమంతా నాకు ఆ నడిమి మాటలోనే కనిపిస్తుంది.

తెలుగులో వేగపడటం అంటే తొందరపడటం, అంతే. సంస్కృతంలో మాత్రం వేగానికి ఇంకో ముఖం ఉంది. లోపలినుంచి తోసుకొచ్చే ఊపు కూడా వేగమే. గీత 5వ అధ్యాయం 23వ శ్లోకంలో "కామక్రోధోద్భవం వేగం" అని వస్తుంది. కోరికనుంచీ కోపంనుంచీ పుట్టే ఆ ఊపును బతికుండగానే ఓర్చుకోగలిగినవాడే సుఖి అంటాడు కృష్ణుడు. ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో సూత్రస్థానం 7వ అధ్యాయం ఈ వేగాలతోనే మొదలవుతుంది. తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు లాంటి 13 వేగాలను ఆపుకోకూడదట. లోభం, భయం, కోపం, ఈర్ష్య లాంటి వేగాలను ఆపుకోవాలట. కన్నీరు ఆపొద్దన్న వరుసలో ఉంది, కోపం ఆపుకోమన్న వరుసలో ఉంది. మన ఇళ్లల్లో మగపిల్లలకు సరిగ్గా ఉల్టా నేర్పుతాం, అది వేరే పోస్టులో మాట్లాడుకుందాం.

సుమతీ శతకం రాశాడనే బద్దెన చరకుణ్ణి దగ్గర పెట్టుకుని ఈ పద్యం రాశాడని నేననను. కానీ "వేగపడక" అన్నప్పుడు ఆ లోపలి ఊపును కూడా కలుపుకుని చదివితే పద్యం మన రోజువారీ టెన్షన్ల దాకా వస్తుంది. ఎందుకంటే "ఎవ్వరు చెప్పిన" అన్నవాళ్లలో మన బుర్ర కూడా ఒకటి. రోజంతా మనకు అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పేది అదే. దాని మాటను మాత్రం మనం విన్న మరుక్షణం నమ్మేస్తాం.

మొన్నామధ్య పొద్దున అమీర్‌పేటలో బ్లూలైన్ మెట్రో ఎక్కాను. కూర్చోవడానికి చోటు లేదు, ఒక చేత్తో పట్టీ, ఇంకో చేతిలో ఫోన్. మేనేజర్ మెసేజ్: "కొంచెం మాట్లాడాలి. లంచ్ తర్వాత." అంతే ఉంది. మధురానగర్ వచ్చేసరికి పోయిన వారం పంపిన రిపోర్టులో ఏదో తప్పు దొరికిందని తేల్చేశాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గరికి అప్రైజల్ పోయింది. పెద్దమ్మ గుడి స్టేషన్‌లో తలుపులు తెరుచుకునేసరికి ఇంటి ఈఎంఐ ఎక్కడినుంచి కట్టాలా అని లెక్కలు వేస్తున్నా. మాదాపూర్‌లో మా ఆవిడకు ఈ మాట ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నా. పట్టీ పట్టుకున్న చెయ్యి చెమటకు జారుతోంది.

అక్కడ ఈ పద్యం గుర్తుకొచ్చిందంటే నమ్మరేమో గానీ, వచ్చింది. ఫోన్‌లో నోట్స్ తెరిచి పైన "విన్నది" అని రాశాను. దాని కింద మేనేజర్ రాసిన మాటలు మాత్రమే పెట్టాను. తర్వాత "నేను కలిపింది" అని రాసి రిపోర్టు, అప్రైజల్, ఈఎంఐ, మా ఆవిడ, అన్నీ దించాను. రెండు పక్కలా చూస్తే మొదటి దాంట్లో ఒక్క లైను, రెండోదాంట్లో స్క్రీను నిండా. లంచ్ తర్వాత ఆయన ఏం మాట్లాడాడన్నది ఇక్కడ అనవసరం. హైటెక్ సిటీలో దిగేసరికి భయం పోలేదు కానీ, నాకు చెమటలు పట్టించింది ఆ మెసేజ్ ఒక్కటే కాదని మాత్రం తెలిసింది. వివరించడం అంటే నా మట్టుకు అదే.

దీన్నే ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన కార్యక్రమంతో ఆసుపత్రుల్లోకి వచ్చింది. వేరు మాత్రం బౌద్ధానిదే. పాళీలో "సతి", సంస్కృతంలో "స్మృతి". మన వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్తలో పది రోజులు మౌనంగా కూర్చోబెట్టి విపశ్యన ధ్యానం నేర్పుతారు. అంత ఓపిక లేనివాళ్ల కోసం ఆఫీసుల్లో ముప్పావుగంట సెషన్లు పెడుతున్నారు. మా దగ్గర ఒకసారి లంచ్ టైములో పెట్టారు. ఆకలితో నకనకలాడుతుంటే "మీ శ్వాసను గమనించండి" అన్నారు. ఆకలి ఆపుకోకూడని వేగమని చరకుడు చెప్పింది వాళ్ల చెవిన పడలేదు.

వ్యాఖ్య:

అన్నా, మా సిద్దిపేట దిక్కు వేగపడకు అని ఎవరూ అనరు. "ఆగం గాకు" అంటరు. "ఆగమాగం జెయ్యకు, నిమ్మళంగ ఇను" అంటది మా నానమ్మ. ఆమెకు కోపమొస్తే "సోయిల ఉండి మాట్లాడు" అంటది. మైండ్‌ఫుల్‌నెస్‌కి సోయి సరిపోదా?

జవాబు:

తమ్ముడూ, భలే మాట పట్టుకొచ్చావు. అనువాదాల్లో "సంపూర్ణ స్పృహ", "ఎరుక" అని ఏవేవో వాడుతున్నారు. ఎరుక మంచి మాటే కానీ మన హైదరాబాద్‌లో "నాకెర్కలే" అన్నప్పుడు అది ఉత్త సమాచారం. సోయిలో మనిషి ఇప్పుడు, ఇక్కడ ఉన్నాడా లేదా అన్నది ఉంది. చిక్కల్లా ఒకటే, ఆ మాటను మనం ఎక్కువగా తిట్టడానికి వాడతాం. "నీకు సోయి ఉన్నదా?" అన్నాక ఎవడికైనా ఉన్న సోయి కూడా పోతుంది.

వ్యాఖ్య:

"వీడితో వేగలేక చస్తున్నా" అంటాం కదండీ, అందులోని వేగడానికీ ఈ వేగపడటానికీ చుట్టరికం ఉందా?

జవాబు:

లేదండీ. బాణలిలో వంకాయలు వేగడం, మనుషులతో వేగడం అచ్చతెలుగు మాటలు, కాగడం, కాలడం వైపువి. వేగపడటంలోని వేగం సంస్కృతం. మాటలు రెండూ వేరు, ఇంట్లో మాత్రం రెండూ ఒకేసారి జరుగుతుంటాయి.

వ్యాఖ్య:

మీరు పద్యాన్ని ఎక్కడికో తీసుకుపోతున్నారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. ఇది చాడీల గురించిన పద్యం. బద్దెన సామంతరాజు, నీతిశాస్త్రముక్తావళి కూడా ఆయనదే అంటారు. చెప్పుడు మాటలు విని శిక్షలు వేసే పెద్దలకు ఇది హెచ్చరిక. "నీతిపరుడు" అన్న మాట చూడండి. ఇందులో ఒత్తిడి, ధ్యానం లేవు. "తన కోపమె తన శత్రువు" ఉండగా దీన్నెందుకు లాగడం?

జవాబు:

మాస్టారూ, నమస్కారం. పద్యం చాడీల గురించే, సందేహం లేదు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పోయిన వేసవిలో "రేపటినుంచి మూడు రోజులు మంజీరా నీళ్లు బంద్" అని ఎవరో పెట్టారు. అరగంటలో డ్రమ్ములు నిండాయి, కింది ఫ్లోర్ వాళ్లకు నీళ్లు రాలేదు, వాచ్‌మన్ తిట్లు తిన్నాడు. తీరా చూస్తే ఆ మెసేజ్ అంతకుముందు ఏడాదిది. దాన్ని కిందిదాకా చదివి తేదీ చూసినవాళ్లు లేరు. బద్దెన చెప్పింది సరిగ్గా అదే, మీతో నాకు పేచీ లేదు.

కానీ "ఎవ్వరు" అన్నాక అందులోంచి ఎవర్ని తీసేయాలో కవి చెప్పలేదు. నేను అంతవరకే వెళ్తున్నాను. "తన కోపమె" పద్యం గొప్పదే. అయితే అందులో కోపం శత్రువని చెప్పాడు, కోపం వచ్చిన క్షణంలో ఏం చేయాలో చెప్పలేదు. ఈ పద్యంలో పని వరసగా ఉంది: విను, ఆగు, విప్పు, చూడు. చేతిలో ఫోన్ పట్టుకున్నవాడికి ఇదే అక్కరకొస్తుంది. బుద్ధుడు కేసపుత్త అనే ఊళ్లో కాలాములనే జనానికి చెప్పిన మాటల్లో కూడా, పదిమంది నోటా విన్నామన్న కారణంతో ఒప్పుకోవద్దన్నదే ముందు వస్తుంది. అక్కడా మాట మొదలయ్యేది వినికిడి దగ్గరే.

వ్యాఖ్య:

సార్, మీ మెట్రో సంగతి చదివాను. నాకూ ఇలాగే "మాట్లాడాలి" అని మెసేజ్ వచ్చింది. నేనూ ఉద్యోగం పోతుందేమోనని భయపడి, ఏమీ కాదులే అని సర్ది చెప్పుకున్నా. లోపలికి పిలిచి నిజంగానే తీసేశారు. నేను కలుపుకున్నదే నిజమైంది. అప్పుడు ఈ పద్యం ఏం చేస్తుంది?

జవాబు:

తమ్ముడూ, చదివి బాధేసింది.

ఏమీ కాదులే అని సర్దిచెప్పుకోమని పద్యం అనలేదు. అది కూడా విన్న వెంటనే తీర్పు చెప్పడమే, కాకపోతే మనకు నచ్చిన వైపు. కవి "కల్ల నిజము" అని రెండూ పక్కపక్కన పెట్టాడు. విప్పి చూస్తే నిజమే బయటపడొచ్చు. మనశ్శాంతి వస్తుందని కూడా ఆయన ఎక్కడా మాటివ్వలేదు.

నీ విషయంలో విన్నది ఒకటే, ఉద్యోగం పోయింది. "నేను పనికిరాను", "ఇక దొరకదు", "ఊళ్లో నాన్నకు మొహం చూపించలేను" లాంటివి ఏవైనా లోపల తిరుగుతుంటే అవి ఆ హెచ్‌ఆర్ చెప్పినవి కావు, వాటిని వేరే పేజీలో రాయి. వినాల్సిన వివరాలు వేరే ఉన్నాయి: నోటీసు జీతం ఇస్తున్నారా, రిలీవింగ్ లెటర్ ఎప్పుడు, ఇంట్లోవాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా నడుస్తుంది, పీఎఫ్ ఖాతాలో పేరు, ఆధార్ సరిగా ఉన్నాయా.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా పద్యాలతో సరిపెట్టుకోకు. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ 14416 నంబరు ప్రభుత్వానిది, డబ్బు తీసుకోరు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికీ సిగ్గుపడొద్దు. మన ఊళ్లో "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి" అని ఒక పాడు జోకు తయారైంది. మానసిక వైద్య దవాఖానా ఉన్న పేట పేరునే తిట్టుగా మార్చుకున్నాం, ఆ జోకు భయంతో ఎంతమంది లోపల్లోపలే నలిగిపోతున్నారో.

రెజ్యూమే నాకు ఇన్‌బాక్స్‌లో పంపు. ఏ టెక్నాలజీ మీద ఎన్నేళ్లు చేశావో మొదటి లైనులో రాయి. సోమవారం మా టీములో అడిగి చెప్తా.