పంటల ప్లాన్ లీనియర్ ప్రోగ్రామింగ్‌లో వాన లోటు నష్టం ఎలా పెట్టాలి?

10 హెక్టార్ల వర్షాధార నేలలో వేరుశనగ, జొన్న ఎంతెంత వేయాలో ఎక్సెల్ సాల్వర్‌లో, సింప్లెక్స్ ఎల్పీ (లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే సరళ షరతులకు లోబడి ఉత్తమ ఫలితం వెతికే లెక్క) పద్ధతితో లెక్కిస్తున్నాను. లాభం గరిష్ఠం కావాలి. విస్తీర్ణానికి ఒక షరతు, నెలనెలా నీటికి ఒక్కో షరతు. వీటిలో బిగుసుకునేది, అంటే ఫలితాన్ని నిర్ణయించేది, విత్తిన మూడో నెల నీరే: వేరుశనగకు 120 మి.మీ., జొన్నకు 70 మి.మీ. కావాలి.

ఆ నెల సగటున 100 మి.మీ. దొరుకుతుందనుకుంటే వేరుశనగ 6 హెక్టార్లు వస్తోంది. నాలుగేళ్లలో మూడేళ్లు నమ్మదగ్గ 80 మి.మీ. పెడితే 2కి పడిపోతోంది. 12 ఏళ్ల వానలనూ విడివిడి షరతులుగా పెట్టి చూశాను. 70 మి.మీ. పడిన ఒక్క ఏడాదే అంతా శాసించి వేరుశనగను సున్నా చేసింది. ఇది నాకు సరిగ్గా అనిపించడం లేదు, ఎందుకంటే నీరు కాస్త తగ్గితే దిగుబడి తగ్గుతుంది కానీ పంట మొత్తం పోదు కదా.

అందుకే ఏ ఏడాది ఎంత నీరు తగ్గిందో చూపే లోటు చరరాశిని ఏడాదికొకటి పెట్టి, రెండు దశల మోడల్‌గా (ముందు విస్తీర్ణం, తర్వాత ఆ ఏడాది వానను బట్టి లోటు) మారుస్తున్నాను. లోటుకు దిగుబడి నష్టాన్ని ఎఫ్‌ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) 33వ పత్రంలోని కేవై గుణకంతో (నీటి లోటుకు దిగుబడి ఎంత తగ్గుతుందో చెప్పే అంకె) లెక్కిద్దామంటే, వేరుశనగకు మొత్తం సీజన్ విలువ 0.7, పూత దశ విలువ 0.8 అని వేర్వేరుగా ఉన్నాయి.

లోటు ఒక్క నెలలోనే వచ్చినప్పుడు ఈ రెండింటిలో ఏ విలువ వాడాలి?