సంతలో లెక్క తప్పని పిల్ల బడిలో తప్పుతోందంటే లోపం ఎవరిది?

నాలుగో తరగతి టీచర్:
మా తరగతి పాప ఒకతి ఆదివారం నాయనమ్మతో రైతుబజార్లో కూర్చుంటుంది. మొన్న నా కూరలు 64 రూపాయలయ్యాయి, వంద నోటిచ్చాను. "ఆరిస్తే డెబ్బై, ముప్పై ఇస్తే వంద" అంటూ 36 చేతిలో పెట్టేసింది. సోమవారం అదే తీసివేత నిలువుగా వేయమంటే 164 వేసింది. సున్నాలోంచి నాలుగు పోదని నాలుగులోంచి సున్నా తీసేసింది. ఈ పిల్లకి ఆలోచన లేదని ఎలా రాయను?

ఇద్దరు పిల్లల తల్లి:
పాప తెలివిని కాదనను టీచర్ గారూ. కానీ అది రోజూ చేసే చిల్లర, అలవాటైపోయింది. పరీక్షలో "ఆరిస్తే డెబ్బై" అని రాస్తే మార్కులేస్తారా? అంకెలు తలలో పట్టి ఉంచుకోలేకే కొందరు వెనకబడతారు. మావాడిదీ అదే బాధ.

నాలుగో తరగతి టీచర్:
అంత గోలలో 64, 70, 36 తలలోనే పట్టి ఉంచింది కదమ్మా! 1985లో వచ్చిన ఒక పరిశోధనలో, బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో అమ్మే అయిదుగురు పిల్లల్ని పరీక్షించారు. సంతలో అడిగితే నూటికి 98 సరైనవి, అవే లెక్కలు అంకెలుగా రాసిస్తే 37. కొబ్బరికాయ 35 అయితే పది ఎంతని అడిగితే ఒక పిల్లాడు మూడేసి చొప్పున 105, 210, 315 అని కూడి 350 చెప్పాడు. పదితో గుణిస్తే పక్కన సున్నా చేర్చాలన్న సూత్రం వాడలేదు. అది అలవాటా, ఆలోచనా?

రిటైర్డ్ హెడ్మాస్టర్:
కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2025లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే తేలింది. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు సంత లెక్క దగ్గర చతికిలపడ్డారు కూడా. మార్కులొచ్చాయని మనం మురిసిపోయే పిల్లల సంగతీ ఆలోచించాలి. అయితే తల్లిగారి మాటా తీసెయ్యలేం. రేపు భిన్నాలు, బీజగణితం వస్తే చిల్లర పద్ధతి ఒక్కటే సరిపోదు.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను అడిగేదీ అదేనండి. ఈ పద్ధతి నుంచి ఆ పద్ధతికి పిల్లని దాటించేదెవరు?

నాలుగో తరగతి టీచర్:
దాటించాల్సింది నేనే. ఇవాళ వంద నోటుని పది పదులు చేయించాను, అందులో ఒక పదిని పది రూపాయి బిళ్ళలు. "అప్పు తెచ్చుకోవడమంటే ఇదా టీచర్!" అంది. తర్వాత రెండు తీసివేతలు సరిగ్గా వేసింది. వెయ్యిలోంచి తీసేది మాత్రం మళ్ళీ తప్పింది. రేపు వెయ్యికి చిల్లర పట్టుకెళ్తాను.