టెక్సాస్ 2003 చట్టం: డాక్టర్ల నిర్లక్ష్యం కేసుల్లో 2.5 లక్షల డాలర్ల పరిమితి న్యాయమేనా?

ఇర్వింగ్_శ్రీను: మా పాప పుట్టినప్పుడు సాయంగా ఉంటుందని అమ్మ గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చింది. ఒక రాత్రి గుండెల్లో మంట అంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. గ్యాస్ అని మందిచ్చి పంపేశారు. మర్నాడు రాత్రికి అమ్మ లేదు. ఆరుగురు లాయర్లకి ఫోన్ చేశాను. అందరూ ముందు అడిగింది ఒకటే, "మీ అమ్మగారి జీతం ఎంత?" ఉద్యోగం లేదనగానే కేసు తీసుకోబోమన్నారు; వచ్చే పరిహారంలో వాటాయే వాళ్ల ఫీజు మరి. 2003 చట్టం ప్రకారం ఎంతమంది డాక్టర్లున్నా మనోవేదనకి వాళ్లందరి నుంచీ కలిపి వచ్చేది 2.5 లక్షలే. ఇదేం న్యాయం?

వ్యాలీ_డాక్టర్: శ్రీను గారూ, చదివి చాలా బాధేసింది. కానీ ఒక మాట సరిదిద్దాలి. పరిమితి మనోవేదనకే. వైద్యం ఖర్చు, పోయిన సంపాదన దాని కిందికి రావు. ఆసుపత్రుల నుంచి విడిగా 5 లక్షల దాకా రావచ్చు. 2002లో టెక్సాస్ దక్షిణాన రియో గ్రాండే వ్యాలీలో డాక్టర్లం ఒకరోజు పని మానేసి రోడ్డెక్కాం. అంత టెన్షన్ మాకు. చట్టం వచ్చాకే, ఇలాంటి కేసుల కోసం మేం కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం దిగింది.

ఆస్టిన్_లా_విద్యార్థి: డాక్టర్ గారూ, అది పూర్తిగా కరెక్ట్ కాదు. మనిషి చనిపోయిన కేసుల్లో వైద్యం ఖర్చు మినహా మొత్తం పరిహారానికి కూడా ఇంకో పరిమితి ఉంది. అది ధరలతో పాటు పెరుగుతుంది. ఈ 2.5 లక్షలు మాత్రం 2003లో ఎంతో ఇప్పుడూ అంతే.

వ్యాలీ_డాక్టర్: నేను చెప్పింది 2003 పరిమితి గురించి. అది మనోవేదనకే.

ఇర్వింగ్_శ్రీను: మా అమ్మకి సంపాదనే లేదు కదండీ! మిగిలింది మనోవేదనే. దానికే తాళం వేశారు. పైగా అవతలివాళ్లు కోర్టులో జవాబు వేసిన 120 రోజుల్లో నిపుణుడి రిపోర్టు ఇవ్వకపోతే కేసు కొట్టేస్తారు, వాళ్ల లాయరు ఫీజు కూడా మన నెత్తినే. ఎమర్జెన్సీలో అయితే మామూలు నిర్లక్ష్యం చాలదు, తెలిసి తెలిసి లెక్కచేయలేదని నిరూపించాలట.

టాంపా_రమణి: మా ఫ్లోరిడాలోనూ ఇలాంటి అడ్డే. 2023లో యాక్సిడెంట్ లాంటి మామూలు నిర్లక్ష్యం కేసులు వేసే గడువు నాలుగేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గించారు. మా యాక్సిడెంట్ కేసు చూసుకునేసరికి ఆలస్యమైపోయింది.

ఫ్రీమాంట్_బాబాయ్: కాలిఫోర్నియాలో 1975 నుంచీ 2.5 లక్షలే. 2023 నుంచి పెంచుతూ వస్తున్నారు. టెక్సాస్ ఎందుకు పెంచదు?

వ్యాలీ_డాక్టర్: పెంచితే డెలివరీలు ఎవరు చేస్తారు? నా మీద ఒక కేసు మూడేళ్లు నడిచింది. చివరికి కొట్టేశారు. ఆ మూడేళ్లలో ఫోన్ మోగితే చెయ్యి వణికేది. డెలివరీలే మానేశాను. మీకు డబ్బు పోయింది, నాకు వృత్తి పోయింది.

ఇర్వింగ్_శ్రీను: డబ్బా? నాకు పోయింది డబ్బా? అమ్మ గాజులు, కళ్లజోడు ప్లాస్టిక్ కవర్లో వేసి, పేరు తప్పు రాసి చేతికిచ్చారు. నాకు ఒక్క డాలరూ వద్దు. ఆ రాత్రి అమ్మని చూసిన డాక్టర్ ప్రమాణం చేసి, ఏం చూశాడో, ఎందుకు పంపేశాడో చెప్పాలి. కేసు లేనిదే ఎవరూ నోరు విప్పరు. లాభం లేదని లాయరు కేసు తీసుకోడు. మీ చట్టం మూసింది ఆ తలుపు.

డాలస్_కిరణ్: ఇద్దరూ కాస్త శాంతించండి.

వ్యాలీ_డాక్టర్: డబ్బు అన్నందుకు క్షమించండి. నా కేసులో పేషెంటైన అమ్మాయి భర్తతో మాట్లాడాలని చాలాసార్లు అనుకున్నాను. ఒక్క ముక్క మాట్లాడొద్దని మా లాయర్ అన్నాడు. కేసు అయిపోయాకా మాట్లాడలేకపోయాను. పరిమితి ఉండాలనే ఇప్పటికీ అంటాను. మీ దగ్గర డిశ్చార్జ్ కాగితాలు ఉన్నాయా? గుండెపోటును పట్టే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష ఎన్నిసార్లు చేశారో చూడండి. నొప్పి మొదలైన కాసేపటికే ఒక్కసారి చేస్తే అందులో తేలకపోవచ్చు.

ఇర్వింగ్_శ్రీను: ఒక్కసారే ఉంది. రాత్రి 11:40కి.

వ్యాలీ_డాక్టర్: నొప్పి ఎన్నింటికి మొదలైంది?

ఇర్వింగ్_శ్రీను: పదకొండుకి.